ఆన్‌లైన్ టెస్ట్ దాటి టెక్నికల్ రౌండ్‌లో ఆగిపోతుంటే ఏం సరిచేసుకోవాలి?

మీరు అడిగింది ముందు కుదించి చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది. జేఎన్‌టీయూహెచ్ కింద ఉన్న కాలేజీలో సీఎస్ఈ నాలుగో సంవత్సరం. సీజీపీఏ 7.2, బ్యాక్‌లాగ్‌లు లేవు. క్యాంపస్‌కి వచ్చిన రెండు కంపెనీల ఆన్‌లైన్ టెస్ట్ పాసయ్యారు, రెండు చోట్లా టెక్నికల్ ఇంటర్వ్యూలో పోయింది. ‘అడిగినవన్నీ చదివినవే, అయినా తీసుకోలేదు’ అన్నారు. అమీర్‌పేటలో మూడు నెలల జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటారా అన్నది మీ ప్రశ్న. రెజ్యూమేలో సీ, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, మెషిన్ లెర్నింగ్, ఏడబ్ల్యూఎస్ రాశారు. క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్ డిటెక్షన్, హాస్టల్ మేనేజ్‌మెంట్ అని రెండు ప్రాజెక్టులు పెట్టారు.

కోర్సు సంగతి తర్వాత. రెండుసార్లు టెస్ట్ దాటారంటే ఆప్టిట్యూడ్, కోడింగ్ మీకు అడ్డం కాదు. ఇబ్బంది ఆ రెజ్యూమే దగ్గర మొదలవుతోంది. ఫ్రెషర్ టెక్నికల్ ఇంటర్వ్యూ సాధారణంగా అరగంట నుంచి ముప్పావుగంట. ఎదురుగా కూర్చున్నవాళ్లకు మీ గురించి తెలిసింది ఆ ఒక్క పేజీయే, అదీ చాలాసార్లు మీరు గదిలోకి రావడానికి ఐదు నిమిషాల ముందు చేతికొచ్చింది. కాబట్టి ప్రశ్నలు అందులోంచే పుడతాయి. ఒక మాట పట్టుకుని మొదట ‘అదేమిటి’ అని అడుగుతారు, తర్వాత ‘లోపల ఎలా పనిచేస్తుంది’ అంటారు, ఆపైన ‘ఇలా మారిస్తే ఏమవుతుంది’ అంటారు. చాలామంది మొదటి మెట్టు దగ్గర బాగా చెప్పి, రెండో మెట్టు మీద తడబడి, మూడోదానికి ఊహించి చెప్పేస్తారు. బయటికొచ్చాక మొదటి ప్రశ్నలే గుర్తుంటాయి కాబట్టి ‘అన్నీ చెప్పాను’ అనిపిస్తుంది.

జావాలో హ్యాష్‌మ్యాప్‌నే చూద్దాం, ఫ్రెషర్లను తరచుగా అడిగేది అదే. కీ, వాల్యూ జంటలు దాచుకునేది అనడం మొదటి మెట్టు. పుట్ చేసినప్పుడు కీ తాలూకు హ్యాష్‌కోడ్‌ని (కీ నుంచి లెక్కగట్టే సంఖ్యని) బట్టి బకెట్ (దాచే అర) ఎంచుకుంటుంది, మామూలుగా 16 బకెట్లతో మొదలవుతుంది, లోడ్ ఫ్యాక్టర్ (ఎంత నిండితే పెంచాలన్న హద్దు) 0.75 కాబట్టి 12 ఎంట్రీలు దాటి పదమూడోది చేరగానే 32కి పెరుగుతుంది, రెండు కీలు ఒకే బకెట్‌లో పడితే ఈక్వల్స్ మెథడ్‌తో పోల్చుకుంటుంది, జావా 8 నుంచి ఒక బకెట్‌లో గొలుసు 8 దాటి మొత్తం బకెట్లు కనీసం 64 ఉంటే ఆ గొలుసు చెట్టుగా మారుతుంది. ఇది రెండో మెట్టు. ఇక మూడోది: ‘మీరు రాసిన స్టూడెంట్ క్లాస్‌ని కీగా పెట్టారు, ఈక్వల్స్ ఓవర్‌రైడ్ చేశారు, హ్యాష్‌కోడ్ మరిచిపోయారు. ఏమవుతుంది?’ రోల్ నంబర్ ఒకటే అయినా రెండు ఆబ్జెక్టులకూ వేర్వేరు హ్యాష్‌కోడ్‌లు వస్తాయి, వెతుకులాట సాధారణంగా వేరే బకెట్‌కి పోతుంది, గెట్ చేస్తే నల్ వస్తుంది. ఈ జవాబు బట్టీ పడితే రాదు. పది లైన్ల ప్రోగ్రామ్ రాసి, నల్ వచ్చిందని కళ్లతో చూస్తే ఇక మరచిపోరు.

ఇలాంటిదే ఇంకొకటి. రెండు ఇంటీజర్ ఆబ్జెక్టుల్లో 127 పెట్టి == తో పోలిస్తే ట్రూ వస్తుంది, 128 పెడితే ఫాల్స్ వస్తుంది. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న విలువలకు జావా ముందే ఆబ్జెక్టులు చేసి ఉంచి వాటినే మళ్లీ మళ్లీ ఇస్తుంది. ఆ పరిధి దాటితే ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది, == పోల్చేది చిరునామాలను. దీనికి కారణం చెప్పగలిగితే స్ట్రింగ్ పోలిక, హీప్, ఆటోబాక్సింగ్ మూడూ మీకు తెలుసని ఒక్క జవాబుతో తేలిపోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఒక నోట్‌బుక్ తీసుకుని రెజ్యూమేలోని ప్రతి సాంకేతిక పదానికీ ఒక పేజీ కేటాయించండి. దాని కింద ఏమిటి, ఎలా, ఏం చెడుతుంది అన్న వరసలో మూడు ప్రశ్నలు రాసి, జవాబులు పైకి చెప్పండి. మూడోదానికి జవాబు లేని పదం రెండు వారాల్లో నేర్చుకోగలిగితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. మీ జాబితాలో ఏడబ్ల్యూఎస్, రియాక్ట్, సీ తీసేయమని నా సలహా. ఏడబ్ల్యూఎస్ అని రాసి, ఈసీ2కి (అద్దె సర్వర్) ఎస్3కి (ఫైళ్లు దాచే చోటు) తేడా అడిగితే నీళ్లు నమలడం కన్నా ఆ మాట లేకపోవడం చాలా మేలు. జావా, ఎస్‌క్యూఎల్, ప్రాజెక్టుకు కావాల్సినంత పైథాన్, చేసిన పని. ఫ్రెషర్‌కి ఇంతే చాలు. ఏమీ లేనట్టు కనిపిస్తుందేమోనని భయపడకండి. పేజీ నిండా పేర్లున్న రెజ్యూమేలు వాళ్లు రోజంతా చూస్తూనే ఉంటారు.

ప్రాజెక్టుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో సగం సమయం అక్కడే పోతుంది. క్రెడిట్ కార్డ్ ఫ్రాడ్ డిటెక్షన్ ఏటా వందలమంది పెడతారు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రాజెక్ట్ సెంటర్లలో రెడీమేడ్‌గా దొరుకుతుందని అడిగేవాళ్లకూ తెలుసు. అందరూ వాడే డేటాసెట్ కూడా ఒకటే. 2013 సెప్టెంబరులో యూరప్ కార్డుదారులు రెండు రోజుల్లో చేసిన 2,84,807 లావాదేవీలు, వాటిలో మోసాలు 492. ‘మా మోడల్ అక్యురసీ 99 శాతం’ అని మీరనగానే వచ్చే ప్రశ్న ఇది: ఏమీ ఆలోచించకుండా అన్నింటినీ ‘మోసం కాదు’ అని చెప్పే ప్రోగ్రామ్ రాస్తే దాని అక్యురసీ ఎంత? 99.83 శాతం. అంటే మీరు గొప్పగా చెప్పిన అంకె, ఏ పనీ చేయని ప్రోగ్రామ్ కన్నా తక్కువ.

అందుకే అక్కడ రీకాల్, ప్రెసిషన్ చెప్పాలి. టెస్ట్ డేటాలో 100 మోసాలుంటే మీ మోడల్ 80 పట్టుకుంటే రీకాల్ 80 శాతం. ఆ 80 పట్టుకోవడానికి మొత్తం 200 లావాదేవీల మీద అనుమానపడితే ప్రెసిషన్ 40 శాతం, మిగతా 120 మంది నిజమైన ఖాతాదారుల కార్డులు ఊరికే ఆగిపోయాయన్నమాట. బ్యాంకుకు ఏది ఎక్కువ నష్టం, థ్రెషోల్డ్ (మోసమని తేల్చే హద్దు) ఎటు జరిపితే ఏది పెరుగుతుంది అన్నది మీరు ఆలోచించి ఉండాలి. స్మోట్ (తక్కువగా ఉన్న మోసాల వరసలను కృత్రిమంగా పెంచే పద్ధతి) వాడామంటే, డేటాను ట్రెయిన్, టెస్ట్‌గా విడదీయక ముందు వాడారా, తర్వాత వాడారా అని అడుగుతారు. ముందు వాడితే టెస్ట్ వరసల ఆధారంగా పుట్టిన కృత్రిమ వరసలు ట్రెయినింగ్‌లోకి చేరతాయి, ఫలితం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. వీ14 కాలమ్ అంటే ఏమిటని అడిగితే, గోప్యత కోసం పీసీఏ (అసలు కాలమ్‌లను కలిపి కొత్త అంకెలుగా మార్చే పద్ధతి) చేసి ఇచ్చారు, టైమ్, అమౌంట్ తప్ప మిగతా 28 ఫీచర్ల అసలు అర్థం బయటపెట్టలేదు అన్నదే సరైన జవాబు. డేటాసెట్ పేజీ ఒక్కసారి పూర్తిగా చదివినవాళ్లు ఇది చెప్పగలరు. చదవనివాళ్లు ఏదో ఒక అర్థం కల్పిస్తారు, అక్కడితో ఆ ప్రాజెక్టు మీద నమ్మకం పోతుంది.

హాస్టల్ మేనేజ్‌మెంట్ చిన్నదే అయినా మీకు ఎక్కువ పనికొచ్చేది అదేనని నా అభిప్రాయం. ఉన్నది ఒకే బెడ్, ఇద్దరు విద్యార్థులు ఒకే క్షణంలో బుక్ నొక్కితే ఏమవుతుంది? ముందు ఖాళీ ఉందో లేదో చూసి, తర్వాత ఇన్సర్ట్ చేసే కోడ్ అయితే ఇద్దరికీ ఖాళీ కనిపిస్తుంది, ఇద్దరికీ బెడ్ దొరుకుతుంది. అలాట్‌మెంట్ టేబుల్‌లో బెడ్ నంబర్ మీద యునీక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెడితే రెండో ఇన్సర్ట్‌ని డేటాబేసే తిప్పికొడుతుంది. లేదా ట్రాన్సాక్షన్‌లో ఆ వరసను లాక్ చేయాలి. పాస్‌వర్డ్ టేబుల్‌లో ఉన్నదున్నట్టు దాస్తున్నారా? అయితే ఈ వారమే బీక్రిప్ట్ (పాస్‌వర్డ్‌ను తిరిగి చదవలేని రూపంలోకి మార్చేది) పెట్టండి. విద్యార్థి ఖాళీ చేసి వెళ్లిపోతే వరస డిలీట్ చేస్తారా, తేదీ వేసి ఉంచుతారా? డిలీట్ చేస్తే పాత ఫీజు లెక్కలు ఏమవుతాయి? ఇలాంటి మూడు మార్పులు మీ చేత్తో మీరు చేసి, ప్రతిదాన్నీ గిట్‌హబ్‌లో విడివిడి కమిట్‌లుగా పెడితే, ప్రాజెక్టు ఎక్కడినుంచి మొదలైనా ఇప్పుడది మీది అవుతుంది. నలుగురు కలిసి చేసినదైతే మీ వంతు ఏమిటో మాత్రమే చెప్పండి. ‘మేము చేశాం’ అంటే ‘మీరేం చేశారు’ అని ఎలాగూ అడుగుతారు.

ఇంటర్వ్యూలో ఇచ్చే కోడింగ్‌కీ, ఆన్‌లైన్ టెస్ట్‌లో వచ్చే కోడింగ్‌కీ పెద్ద తేడా ఉంది. టెస్ట్‌లో అవుట్‌పుట్ చాలు, ఇక్కడ మీ ఆలోచన వినపడాలి. ఉదాహరణకు, ఒక అర్రేలో కూడితే టార్గెట్ వచ్చే రెండు సంఖ్యలు కనుక్కోమన్నారనుకుందాం. వెంటనే టైప్ చేయకండి. ప్రశ్నను మీ మాటల్లో మళ్లీ చెప్పండి. నెగటివ్ సంఖ్యలుంటాయా, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా, విలువలు కావాలా ఇండెక్సులు కావాలా, అర్రే సార్ట్ అయి ఉందా అని అడగండి. 3, 3 ఇచ్చి టార్గెట్ 6 అనుకుంటే జవాబు ఏం రావాలో అడిగి తేల్చుకోండి. తర్వాత తేలికైన దారి చెప్పండి: ప్రతి జంటనూ చూడటం. లక్ష సంఖ్యలుంటే జంటలు దాదాపు 500 కోట్లు. సెకనుకు సుమారు పది కోట్ల చిన్న పనులు అనుకున్నా 50 సెకన్లు పడుతుంది, సాధారణంగా ఇచ్చే గడువు ఒకటి రెండు సెకన్లు. కాబట్టి కుదరదు. ఈ లెక్క పైకి చెప్పడమే సగం మార్కులు.

అప్పుడు హ్యాష్‌మ్యాప్ దారికి రండి. ఒక్కో సంఖ్య దగ్గర ఆగి, టార్గెట్ లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఇంతకుముందు కనిపించిందా అని చూడాలి, లేకపోతే ఈ సంఖ్యను మ్యాప్‌లో వేసి ముందుకెళ్లాలి. ముందు చూసి తర్వాతే వేయడం ఎందుకో చెప్పండి: వరస తిరగేస్తే, అర్రేలో ఒక్క 3 మాత్రమే ఉండి టార్గెట్ 6 అయితే ఆ మూడు తనతో తానే జత కట్టేస్తుంది. కోడ్ రాశాక ఐదు సంఖ్యలు తీసుకుని, మ్యాప్‌లో ఏముందో ప్రతి అడుగులో చెబుతూ డ్రై రన్ చేయండి. తప్పు మీకే దొరికితే అది మైనస్ కాదు, ‘ఇక్కడ తప్పు రాశాను, సరిచేస్తున్నాను’ అంటే చాలు.

ఆపైన వాళ్లు ప్రశ్నను కొంచెం తిప్పుతారు. అర్రే సార్ట్ అయి ఉంది, అదనపు మెమరీ వాడొద్దు అంటారు. బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. రెండు చివర్ల నుంచి రెండు పాయింటర్లు పెట్టి, మొత్తం తక్కువైతే ఎడమది ముందుకు, ఎక్కువైతే కుడిది వెనక్కు జరపాలి. హింట్ ఇస్తే వదులుకోవద్దు. ‘సార్ట్ అయి ఉండటాన్ని వాడుకోగలరా’ అని వాళ్లన్నారంటే దారి చూపిస్తున్నారు, మీరు పట్టుకున్న దారినే పట్టుకుని కూర్చోకండి. ఆలోచించడానికి టైమ్ కావాలంటే ‘ఒక్క నిమిషం ఇవ్వండి’ అని అడిగి తీసుకోండి. చెప్పకుండా నాలుగు నిమిషాలు మౌనంగా ఉంటే మీరు జవాబుకు ఎంత దగ్గరగా ఉన్నారో వాళ్లకు తెలిసే మార్గం లేదు.

బైనరీ సెర్చ్ రాయమంటే ‘లో’ (low), ‘హై’ (high) కలిపి రెండుతో భాగించడంలో ఓవర్‌ఫ్లో (మొత్తం ఇంట్‌లో పట్టకపోవడం) ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి. జావా ఇంట్ గరిష్ఠ విలువ 2,147,483,647. ‘హై’ నుంచి ‘లో’ తీసేసి, సగం చేసి, దాన్ని ‘లో’కు కలపాలి. పైథాన్‌లో ఈ ఇబ్బంది రాదు, అది ఎందుకు రాదో కూడా తెలిసి ఉండాలి: అక్కడ పూర్ణాంకాలకు స్థిరమైన సైజు లేదు.

ఎస్‌క్యూఎల్ దగ్గర అందరికీ తెలిసిన ప్రశ్న రెండో అత్యధిక జీతం. జీతాలను పెద్దవాటి నుంచి పేర్చి ఒకటి వదిలేసి తర్వాతది తీస్తాం అంటారు. అత్యధిక జీతం ఇద్దరికి ఉంటే? మళ్లీ అదే జీతం వస్తుంది. డిస్టింక్ట్ (ఒకే విలువను ఒక్కసారే తీసుకోవడం) కావాలి, లేదా గరిష్ఠం కన్నా తక్కువ ఉన్నవాటిలో గరిష్ఠం తీయాలి. ఈ రెండింటికీ తేడా ఉంది: టేబుల్‌లో ఒకే జీతం ఉంటే మొదటిది ఒక్క వరసా ఇవ్వదు, రెండోది నల్ ఇస్తుంది. డిపార్ట్‌మెంట్‌వారీగా కావాలంటే పార్టిషన్ బై పెట్టి డెన్స్ ర్యాంక్ వాడాలి, మామూలు ర్యాంక్ అయితే సమానాలు వచ్చినప్పుడు రెండో నంబరే మాయమవుతుంది.

నల్ (విలువ లేని గడి) చేసే అల్లరి ఇంకా ఉంది. నాట్ ఇన్ లోపలి క్వెరీలో ఒక్క నల్ ఉన్నా ఫలితం ఖాళీ. విద్యార్థుల టేబుల్‌కి ఫీజుల టేబుల్‌ని లెఫ్ట్ జాయిన్ చేసి, కుడివైపు టేబుల్ మీద షరతును వేర్ (WHERE) భాగంలో పెడితే ఫీజు కట్టని విద్యార్థులు జాబితాలోంచి జారిపోతారు, ఆ షరతు ఆన్ (ON) భాగంలో ఉండాలి. ఇవన్నీ కాగితం మీద బాగానే కనిపిస్తాయి. మైఎస్‌క్యూఎల్ వేసుకుని పదేసి వరసలతో రెండు టేబుళ్లు తయారు చేయండి, వాటిలో కావాలనే రెండు నల్‌లు, రెండు సమానమైన జీతాలు పెట్టండి. ప్రతి క్వెరీనీ దానిమీద నడపండి.

ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ నుంచి ఫ్రెషర్లను అడిగేవి తక్కువే: ప్రాసెస్‌కి థ్రెడ్‌కి తేడా, డెడ్‌లాక్‌కి కావాల్సిన నాలుగు షరతులు, టీసీపీకి యూడీపీకి తేడా, బ్రౌజర్‌లో చిరునామా కొడితే పేజీ వచ్చేదాకా జరిగేది. కాలేజీ నోట్స్ ఒకసారి తిరగేస్తే సరిపోతుంది.

ఇంగ్లిష్ గురించి మీరు అడగలేదు గానీ, రెండు మాటలు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టినది అయితే మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ‘మైసెల్ఫ్ ఫలానా’ అనకండి, ‘ఐ యామ్’ చాలు. అమ్మానాన్నల వృత్తి, హాబీలు అడిగితేనే చెప్పండి. పేరు, కాలేజీ, ఏ ప్రాజెక్టులో ఏం చేశారు, ఏ పని మీద ఆసక్తి. ఇదంతా అరవై నుంచి తొంభై సెకన్లు. ప్రాజెక్టు గురించి ఇక్కడ మీరు చెప్పే వాక్యమే తర్వాతి ప్రశ్నను తెస్తుంది కాబట్టి మీకు బాగా పట్టున్న విషయాన్నే అక్కడ పెట్టండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లు పొడవైన వాక్యాలకు పోయి మధ్యలో చిక్కుకుంటారు. చిన్న వాక్యాలు మాట్లాడండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి, అందులో తప్పేమీ లేదు. రోజూ ఒక అంశం మీద మూడు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటి వారం వినడం కష్టంగా ఉంటుంది, అయినా మానకండి.

వారానికి రెండు మాక్ ఇంటర్వ్యూలు, ఒక్కోటి నలభై నిమిషాలు. ఎవరితో చేస్తున్నారన్నది ముఖ్యం. మీ జవాబు వినగానే ‘సూపర్ రా’ అనే స్నేహితుడు ఇక్కడ పనికిరాడు. ప్రతి జవాబుకూ రెండుసార్లు ‘ఎందుకు’ అని అడిగేవాణ్ని చూసుకోండి.

ఆన్‌లైన్‌లో జరిగే ఇంటర్వ్యూకి హాస్టల్ వైఫై మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా, ల్యాప్‌టాప్ పూర్తి చార్జింగ్‌తో ఉండాలి, కెమెరా, మైక్ ముందురోజే చూసుకోవాలి. పక్క స్క్రీన్‌లో ఏఐ టూల్ పెట్టుకుని చదివి చెప్పే పని దయచేసి చేయకండి. చూపు ఒకే పక్కకు పోతుంటుంది, ప్రతి జవాబు ముందూ ఒకే నిడివి విరామం వస్తుంది, ‘ఈ లైన్ తీసేస్తే ఏమవుతుంది’ అన్న ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది.

ఆఫీసుకు రమ్మంటే మియాపూర్, కేపీహెచ్‌బీ వైపు నుంచి వచ్చేవాళ్లు రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ బ్లూ లైన్ మారి హైటెక్ సిటీలోనో రాయదుర్గంలోనో దిగవచ్చు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ అయితే రాయదుర్గం నుంచి ఇంకా ఆటోనో బస్సో పట్టాలి, దానికి ముప్పావుగంట అదనంగా వేసుకోండి. వానాకాలం మాదాపూర్ రోడ్ల మీద క్యాబ్‌ని నమ్ముకోవడం కన్నా మెట్రో నయం. రెజ్యూమే కాపీలు నాలుగైదు, ఆధార్, పదో తరగతి, ఇంటర్, సెమిస్టర్ మెమోల ఒరిజినల్స్, జిరాక్సులు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.

ఇక దరఖాస్తు ఫారంలో జరిగే తప్పు ఒకటుంది, ఇది ఆఫర్ వచ్చాక కొంప ముంచుతుంది. మీ 7.2ని పదితో గుణించి 72 శాతం అని రాయకండి. జేఎన్‌టీయూహెచ్ లెక్కలో సీజీపీఏ లోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి, అంటే మీది 67 శాతం. చాలా కంపెనీలు అడిగే 60 శాతం కటాఫ్‌కి మీరు ఎలాగూ పైనే ఉన్నారు, ఎక్కువ రాసి తెచ్చుకునేది ఏమీ లేదు. వెరిఫికేషన్‌లో మెమోకీ ఫారంకీ పొంతన లేకపోతే తప్పుడు సమాచారం కింద ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. పేరు కూడా అంతే. మనకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో కొందరికి వెనక ఉంటుంది, కొందరికి ఒట్టి ఇనీషియల్ ఉంటుంది. పదో తరగతి మెమోలో ఉన్నట్టే అన్నిచోట్లా రాయండి, ఆధార్ వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

జీతం విషయంలో ఒక లెక్క చూపిస్తాను. 3.6 లక్షల సీటీసీ (ఏడాదికి మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అంటే నెలకు 30,000 చేతికొస్తాయని అనుకోవద్దు. బేసిక్ 15,000 అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద 4.81 శాతం అంటే సుమారు 721 అందులోనే ఉంటాయి. మిగిలిన 27,479 లోంచి మీ వాటా పీఎఫ్ 1,800, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 25,479. సీటీసీలో పదిశాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) అని రాసి ఉంటే నెలకు ఇంకో 3,000 తగ్గి 22,479. ఇన్సూరెన్స్ ప్రీమియం కోస్తే ఇంకొంచెం. కేపీహెచ్‌బీలో హాస్టల్ ఫీజు, ఇంటికి పంపాల్సింది ఈ అంకె మీద లెక్కేసుకోండి. సర్వీస్ బాండ్ ఉంటే ఎన్నేళ్లు, ఎంత మొత్తం, ఆ గడువు చేరిన రోజు నుంచా, ట్రెయినింగ్ అయ్యాకా అన్న మూడూ చదివాకే సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర వదిలి రావద్దు. ఆఫర్ లెటర్ వచ్చినా జాయినింగ్ తేదీ వచ్చేదాకా ప్రిపరేషన్ ఆపొద్దు. అయితే చాలా కాలేజీల్లో ఒక ఆఫర్ వస్తే మళ్లీ కూర్చోనివ్వరు, ఆ నియమం మీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని ముందే అడిగి తెలుసుకోండి.

ఇంటర్వ్యూలు రెండు పోయాయని తెలిస్తే ‘బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం’ అని ఫోన్ చేసేవాళ్లుంటారు. రూపాయి కూడా ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ అన్నా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అన్నా, తిరిగి ఇచ్చేస్తామన్నా అంతే. ఆఫర్ మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో, మామూలు జీమెయిల్ నుంచి వచ్చిందో చూడండి. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రెండేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ ఖాతాలన్నింటికీ ఉండే ఒకే నంబర్) మీద ఎక్కడ ఎప్పటినుంచి పీఎఫ్ జమైందో కనిపిస్తుంది, అనుభవం ఉందన్న ఏళ్లలో ఆ పద్దు ఖాళీగా ఉంటే వెరిఫికేషన్‌లో వెంటనే ప్రశ్న వస్తుంది.

ఇప్పుడు కోర్సు. జావా అసలు రానివాళ్లకు, ఇంట్లో కూర్చుంటే చదవలేనివాళ్లకు అమీర్‌పేట క్లాసు ఒక క్రమం ఇస్తుంది, దాన్ని తక్కువ చేయను. మీకు జావా వచ్చు, మీకు లేనిది లోతు. డ్రైవ్‌లు జరిగే ఈ సమయంలో రోజూ రానూపోనూ ప్రయాణం కలిపి నాలుగు గంటలు పెట్టి, స్ప్రింగ్ బూట్, రియాక్ట్ అని రెజ్యూమేలో మళ్లీ కొత్త పేర్లు చేర్చుకోవడం మీకు మేలు చేయదు. అయినా చేరాలనుకుంటే డెమో క్లాసులు మూడు వినండి. మీ చేత రోజూ కోడ్ రాయించి చూసేవాళ్లు ఉంటేనే చేరండి. ‘వందశాతం ప్లేస్‌మెంట్’ అని మొత్తం ఫీజు ముందే కట్టమంటే వద్దు. మీ కాలేజీ టాస్క్‌లో (తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్) నమోదై ఉందేమో కూడా కనుక్కోండి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి అక్కడి శిక్షణలు ముందు చూడదగ్గవి.

నా మాట అయితే ఎనిమిది వారాలు, రోజుకు మూడు గంటలు. మొదటి రెండు వారాలు రెజ్యూమే కోత, మిగిలిన ప్రతి పదానికీ మూడు మెట్లు. మూడో, నాలుగో వారాల్లో హాస్టల్ ప్రాజెక్టులో ఆ మూడు మార్పులు, ఫ్రాడ్ ప్రాజెక్టు లెక్కలు మళ్లీ మొదటినుంచి. ఐదు నుంచి ఎనిమిది వరకు ఎస్‌క్యూఎల్, రోజుకు రెండు మూడు కోడింగ్ ప్రశ్నలు, అవీ పైకి మాట్లాడుతూ. మొత్తం అరవై ప్రశ్నలు చాలు: అర్రేలు, స్ట్రింగ్‌లు 20, హ్యాషింగ్ 10, రెండు పాయింటర్లు 10, లింక్డ్ లిస్ట్ 8, స్టాక్, క్యూ 6, బైనరీ సెర్చ్ 6. మూడు వందలు చేసి మరచిపోవడం కన్నా ఈ అరవైని అర్థం చేసుకుని, ఒక్కోదానికీ ‘ఇలా మారిస్తే’ అన్న రూపం కూడా చేయడం మంచిది. మాక్‌లు మూడో వారం నుంచే మొదలుపెట్టండి, అంతా చదివాక చేద్దామనుకుంటే ఎప్పటికీ మొదలుకావు.

మొదలుపెట్టే ముందు ఈ రాత్రే ఒక పని చేయండి. పోయిన రెండు ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రశ్నలు గుర్తున్నంతవరకు వరసగా రాసి, ఏ ప్రశ్న దగ్గర వాళ్లు ‘ఓకే’ అని విషయం మార్చేశారో అక్కడ గీత పెట్టండి. ఆ జాబితా, ఇప్పుడున్న రెజ్యూమే రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ పదం ఉంచాలో ఏది తీయాలో కలిసి చూద్దాం.